అప్పులవాళ్లు ముట్టుకోలేని డబ్బు

అప్పులు పీకలదాకా వచ్చినవాళ్లు లాయర్ దగ్గరికి వెళ్లేది అన్నిటికంటే చివర. అప్పటికే ఇంట్లో బంగారం తాకట్టులో ఉంటుంది, ఊళ్లో స్థలం అమ్ముడుపోయి ఉంటుంది, పీఎఫ్ ఖాతా ఖాళీ అయి ఉంటుంది. ఇందులో బంగారం, స్థలం ఎలాగూ అప్పులవాళ్లు కోర్టు ద్వారా రాబట్టుకోగలిగినవే. పీఎఫ్ అలా కాదు. డిక్రీ తెచ్చుకున్నా, జప్తు ఉత్తర్వు తెచ్చుకున్నా ఆ డబ్బును వాళ్లు ముట్టుకోలేరు. దాన్ని తీసి వాళ్ల చేతిలో పెట్టింది అప్పు చేసిన మనిషే. అరవై ఏళ్ల వయసులో, భయంతో, పరువు పోతుందన్న టెన్షన్‌తో చేసే ఈ ఒక్క పని తర్వాతి ఇరవై ఏళ్ల బతుకును తారుమారు చేస్తుంది. అందుకే రిటైర్మెంట్ సొమ్ముకు మన చట్టం ఎక్కడెక్కడ అడ్డు నిలబడుతుందో, ఎక్కడ పక్కకు తప్పుకుంటుందో అప్పులున్న ప్రతి ఇంట్లోనూ ముందే తెలిసి ఉండాలి.

ముందు దివాళా సంగతి. మన జిల్లాల్లో 'ఐపీ పెట్టాడు' అంటే అందరికీ అర్థమవుతుంది. అప్పులు తీర్చలేనని సివిల్ కోర్టులో ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ వేయడం అది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మామూలు మనిషికి వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. చెన్నై, ముంబై, కోల్‌కతా నగరాలకు 1909 నాటి వేరే చట్టం ఉంది. 2016లో వచ్చిన కొత్త దివాళా కోడ్‌లో వ్యక్తుల కోసం ఒక భాగం రాసినా, దాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది కంపెనీల అప్పులకు సొంత పూచీ ఇచ్చినవాళ్ల విషయంలో మాత్రమే. వ్యాపారం కోసం కంపెనీ పెట్టి, బ్యాంకు లోనుకు తానే గ్యారంటీ సంతకం పెట్టిన డైరెక్టరు కేసు కంపెనీ వ్యవహారాల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్తుంది. క్రెడిట్ కార్డులు, చేబదుళ్లు, చిట్టీల్లో మునిగిన ఉద్యోగి కేసు ఇప్పటికీ ఆ వందేళ్ల నాటి చట్టం కిందే నడుస్తుంది.

కోర్టు ఒక మనిషిని దివాళాదారుగా ప్రకటించిన రోజు నుంచి అతని ఆస్తి అంతా కోర్టుకో, కోర్టు నియమించిన రిసీవర్‌కో చెందుతుంది. ఇల్లు, పొలం, బ్యాంకు బ్యాలెన్సు, షేర్లు అన్నీ. ఆ తర్వాత అప్పుల నుంచి విడుదల చేస్తూ కోర్టు ఉత్తర్వు వచ్చేలోగా కొత్తగా సంపాదించిన ఆస్తి కూడా అటే పోతుంది. చాలామంది ఇక్కడిదాకా విని హడలిపోతారు. ఇదంతా చెప్పే 1920 చట్టం 28వ సెక్షన్‌లోనే ఐదో ఉపసెక్షన్ కూడా ఉందని ఎవరూ చెప్పరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ కానీ, మరే చట్టం కానీ జప్తు నుంచి మినహాయించిన ఆస్తి దివాళాదారు ఆస్తి కిందికి రాదు అని అక్కడ రాసి ఉంది. అంటే దివాళా ప్రశ్నకు జవాబు జప్తు చట్టంలో వెతుక్కోవాలి. ఇది ఐపీ పెట్టనివాళ్లకూ మంచి వార్తే. మామూలు డబ్బు దావాలో డిక్రీ అయి, దాన్ని అమలు చేయమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసినా అదే మినహాయింపుల జాబితా పనికొస్తుంది.

ఆ జాబితా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది. చేతిపనివాడి పనిముట్లు, రైతు నాగలి, పశువులు, విత్తనపు గింజలు, వంటపాత్రలు, సంప్రదాయం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీద నుంచి తీయకూడని నగలు జప్తు చేయకూడదని అది చెబుతుంది. అప్పు వసూలు చేసుకో, మనిషి మళ్లీ బతికే దారి మాత్రం మూసేయకు అన్నదే దీని వెనుక ఉద్దేశం. రైతుకు విత్తనాలు ఎందుకు వదిలారో, పనిచేసే వయసు దాటిన ఉద్యోగికి పింఛను, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ కూడా అందుకే వదిలారు. ఇంత మానవత్వంతో రాసిన సెక్షన్ మన చట్టాల్లో చాలా తక్కువ.

ఇక ఒక్కొక్కటిగా చూద్దాం. అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్నది ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్‌కే. 1952 నాటి ఈపీఎఫ్ చట్టం 10వ సెక్షన్ చాలా సూటిగా ఉంటుంది. సభ్యుడి ఖాతాలోని సొమ్మును తాకట్టు పెట్టడానికి లేదు, ఇంకొకరికి రాసివ్వడానికి లేదు, అతని అప్పు కోసం ఏ కోర్టూ జప్తు చేయడానికి లేదు. 1909, 1920 దివాళా చట్టాల కింద వచ్చే అధికారులకు కూడా ఆ సొమ్ము మీద హక్కు లేదని వాటి పేర్లు పెట్టి మరీ రాశారు. ఆ సెక్షన్ రెండో భాగం ఇంకా ముఖ్యం. సభ్యుడు చనిపోతే ఆ సొమ్ము నామినీకి చెందుతుంది, చనిపోయిన మనిషి చేసిన అప్పులతో దానికి సంబంధం ఉండదు. నామినీ అంతకుముందు చేసిన అప్పులకు కూడా అందులోంచి పట్టుకోకూడదు. భర్త పోయిన పదిరోజులకే ప్రామిసరీ నోట్లు పట్టుకుని వచ్చి, 'పీఎఫ్ డబ్బు రాగానే మాకు కట్టాలమ్మా' అని భార్య చేత ఒప్పంద కాగితాలు రాయించుకునేవాళ్లు ఉంటారు. ఆమె అలాంటి కాగితం మీద సంతకం పెట్టాల్సిన పనే లేదు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి, కోర్టులో పిటిషన్ వేసేటప్పుడు ఏ చట్టం, ఏ సెక్షన్ పేరు రాయాలో లాయర్‌తో సరిచూసుకోవాలి.

పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ (పీపీఎఫ్)ది దాదాపు అంతే గట్టి స్థానం. 1968 నాటి పీపీఎఫ్ చట్టాన్ని 2018లో రద్దు చేసి పాత సేవింగ్స్ చట్టంలో కలిపేటప్పుడు, జప్తు రక్షణ పోతుందని పెద్ద పుకారు లేచింది. అలాంటిదేమీ లేదని ఆర్థిక శాఖ అప్పుడే ప్రకటించింది. 2019లో వచ్చిన పీపీఎఫ్ పథకంలోనూ ఖాతాదారు అప్పుల కోసం ఏ కోర్టూ ఆ ఖాతాను జప్తు చేయకూడదన్న నిబంధన ఉంది. ఉద్యోగం కాకుండా సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకు ఇది చాలా విలువైన సంగతి. వాళ్లకు ఈపీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. ఏడాదికి లక్షన్నర దాకా పీపీఎఫ్‌లో వేసుకునే కిరాణా కొట్టు యజమాని, వ్యాపారం తలకిందులైనా తీసుకుపోలేని సొమ్మును పోగేసుకుంటున్నట్టే. పదిహేనేళ్లు నిండగానే డబ్బు తీసేయాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు, కొత్తగా ఏమీ వేయకపోయినా ఖాతా వడ్డీతో కొనసాగుతుంది. అప్పుల ఒత్తిడిలో ఉన్నప్పుడు దాన్ని అక్కడే ఉంచడం అన్నిటికంటే తెలివైన పని.

గ్రాట్యుటీకి ఈ రక్షణ ఇచ్చింది 1972 చట్టం 13వ సెక్షన్. సివిల్, రెవెన్యూ, క్రిమినల్ కోర్టు ఏదైనా సరే, జప్తు కుదరదు. ప్రభుత్వ పింఛనుకు 1871 నాటి పింఛన్ల చట్టం ఉంది. దానికి తోడు 60వ సెక్షన్ కూడా 1976 సవరణ తర్వాత ప్రభుత్వ ఉద్యోగులనే కాక ఏ యజమాని దగ్గర పనిచేసి రిటైరైనవాళ్లనైనా కాపాడుతోంది. జీవిత బీమా పాలసీ కింద వచ్చే సొమ్ము కూడా ఆ జాబితాలోదే.

జాబితాలో లేనివాటిని కూడా కళ్లు తెరిచి చూడాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు, షేర్లు, బంగారు కాసులు, శివార్లలో కొన్న ప్లాటు. 'ఇది మా రిటైర్మెంట్ కోసం దాచుకున్నది' అని ఎంత మనస్ఫూర్తిగా చెప్పినా కోర్టు వినదు. చట్టం చూసేది డబ్బు ఏ ఖాతాలో ఉందన్నది, మన మనసులో ఉన్న ఉద్దేశాన్ని కాదు.

అన్నిటికంటే చిక్కు ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఖాతాలో ఉన్నంతసేపు రక్షణ సరే, డబ్బు చేతికి వచ్చాక? రిటైరైన రోజున పీఎఫ్, గ్రాట్యుటీ, పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే కమ్యుటేషన్ సొమ్ము అన్నీ కలిపి సేవింగ్స్ ఖాతాలో పడతాయి. అది ఇంకా రిటైర్మెంట్ సొమ్మేనా, మామూలు డబ్బు అయిపోయిందా?

సుప్రీంకోర్టు దీని మీద ఒకే మాట చెప్పలేదు. 1976లో ఒక చిట్‌ఫండ్ కంపెనీ కేసులో, ప్రావిడెంట్ ఫండ్, పింఛను సొమ్ము ప్రభుత్వం చేతిలో ఉన్నంతవరకు, అంటే ఉద్యోగికి చెల్లించేదాకా జప్తు చేయకూడదని చెప్పింది. వింగ్ కమాండర్ హింగోరాణి కేసులో, 1987లో, పింఛన్ల చట్టం రక్షణ కూడా సొమ్ము చెల్లించేదాకానే అన్న ధోరణిలోనే మాట్లాడింది. ఈ రెండూ చదివితే డబ్బు ఖాతాలో పడిన మరుక్షణం అప్పులవాడు పట్టుకోవచ్చనిపిస్తుంది. కానీ 2008 నవంబర్‌లో రాధేశ్యామ్ గుప్తా కేసులో కోర్టు వేరే దారి పట్టింది. రిటైర్మెంట్ ప్రయోజనాల సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్లలో వేసుకున్న ఉద్యోగి మీద ఒక బ్యాంకు వసూలుకు దిగింది. పింఛను, గ్రాట్యుటీ సొమ్ము ఉద్యోగి చేతికి వచ్చినంత మాత్రాన దాని స్వభావం మారదు, 60వ సెక్షన్ రక్షణ కొనసాగుతుందని కోర్టు చెప్పింది.

రిటైరైనవాళ్ల తరఫు లాయర్లు ఈ 2008 తీర్పునే ముందు పెడతారు, పెట్టాలి కూడా. అయినా నా అభిప్రాయం ఏమిటంటే, దాని మీద భరోసాతో డబ్బును బయటికి తీయకూడదు. ఆ తీర్పు గట్టిగా చెప్పింది పింఛను, గ్రాట్యుటీ గురించి. తీసేసిన పీఎఫ్‌కు, కొడుకు పంపిన డబ్బుతోనో అద్దెలతోనో కలిసిపోయిన మొత్తానికి అదే బలం ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా రక్షణ ఉందని నిరూపించుకోవాల్సింది మీరే. మీ ఖాతాలోని డబ్బు మీకు ఇవ్వొద్దని బ్యాంకుకు కోర్టు నుంచి ఉత్తర్వు (గార్నిషీ ఉత్తర్వు) వస్తే ముందు ఖాతా స్తంభిస్తుంది, తర్వాతే వాదన మొదలవుతుంది. మందుల కోసం డబ్బు కావాల్సిన వయసులో ఆ కొద్ది నెలలే ఎంత నరకమో చెప్పక్కర్లేదు.

కాబట్టి తీయక తప్పని సొమ్ము ఉంటే దాన్ని విడి ఖాతాలో పెట్టండి. అందులో ఇంకే డబ్బూ పడకూడదు. రిటైర్మెంట్ ఉత్తర్వు, గ్రాట్యుటీ లెక్క కాగితం, ఏ రోజు ఎంత పడిందో చూపే స్టేట్‌మెంటు, దాంట్లోంచి వేసిన డిపాజిట్ రసీదులు ఒక ఫైలులో ఉంచండి. ఆ ఖాతా మీరు అప్పు తీసుకున్న బ్యాంకులో మాత్రం ఉండకూడదు. బాకీ పడితే బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే ఆ ఖాతాలోని డబ్బు తీయనివ్వకుండా దాని మీద లీన్ పెట్టేయవచ్చు. అది చెల్లదని తర్వాత మీరు గెలవవచ్చేమో, కానీ అప్పటిదాకా డబ్బు అందదు.

ఇప్పుడు అసలు నిర్ణయం దగ్గరికి వద్దాం. ఒక ఉదాహరణ అనుకుందాం. యాభై ఎనిమిదేళ్ల ప్రైవేటు ఉద్యోగి. పీఎఫ్‌లో 18 లక్షలు ఉన్నాయి. పర్సనల్ లోన్లు, కార్డులు, చేబదుళ్లు, బావమరిది చిట్టీకి పెట్టిన ష్యూరిటీ అన్నీ కలిపి 45 లక్షల అప్పు. రోజూ ఫోన్లు, ఇంటి ముందు మనుషులు. అతను 18 లక్షలు తీసి, ఎక్కువ గొడవ చేసినవాళ్లకు కట్టేస్తాడు. రెండు నెలలు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. తర్వాత మిగిలిన 27 లక్షలవాళ్లు వస్తారు. అప్పుడు ఐపీ పెట్టక తప్పదు. తేడా ఒక్కటే, ఇప్పుడు పీఎఫ్ లేదు. పీఎఫ్ తీయకుండానే ఐపీ పెట్టి ఉంటే ఆ 18 లక్షలు భార్యాభర్తలకు మిగిలేవి.

రిటైర్మెంట్ సొమ్ముతో అప్పు మొత్తం తీరిపోయి, బతకడానికి పింఛనో అద్దెలో మిగిలేటట్టయితే కట్టేయడమే మంచిది. మనశ్శాంతికి విలువ ఉంది. కానీ ఆ సొమ్ము అప్పులో సగానికి కూడా చాలకపోతే దాన్ని ముట్టుకోకూడదు. సగం తీర్చిన అప్పు దివాళాను ఆపదు, వృద్ధాప్యాన్ని మాత్రం ఖాళీ చేస్తుంది. 'అప్పు ఎగ్గొట్టి పీఎఫ్ దాచుకోవడం తప్పు కదా' అని బాధపడేవాళ్లను చూస్తే గౌరవం కలుగుతుంది. వాళ్లకు ఒకటే చెప్పాలి. ఈ సొమ్ము జప్తు కాదని చట్టం 1952లోనే ప్రకటించింది. అప్పు ఇచ్చిన బ్యాంకుకు, ఫైనాన్స్ కంపెనీకి అది తెలుసు. తెలిసే, ఆ రిస్కు లెక్కలోకి తీసుకునే వడ్డీ వేశారు.

ష్యూరిటీ మాట వచ్చింది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. మన ప్రాంతంలో ప్రభుత్వ ఉద్యోగిని, టీచర్‌ని చిట్టీలకు, లోన్లకు ష్యూరిటీ అడగడం మామూలు విషయం. మొహమాటానికి పెట్టిన ఆ సంతకం వల్ల, అసలు అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో ష్యూరిటీకీ అంతే బాధ్యత. ముందు అతన్ని అడగండి, తర్వాత నా దగ్గరికి రండి అనడానికి మామూలుగా వీలుండదు. సర్వీసులో ఉన్నంతకాలం జీతం అటాచ్ చేస్తారు, దానికీ హద్దుంది. మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేయాలి. 61,000 జీతం అయితే నెలకు 20,000 మించి పట్టుకోకూడదు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు పట్టాక ఆ డిక్రీకి ఇక జీతం పట్టడానికి లేదు. మనోవర్తి డిక్రీ అయితే లెక్క వేరు, అక్కడ మూడింట రెండు వంతుల దాకా పట్టుకోవచ్చు.

రిటైరయ్యాక ఆ ష్యూరిటీ సొమ్ము పింఛను నుంచి పట్టలేరు. ఇది తెలిసిన వడ్డీ వ్యాపారులు పింఛను పడే ఏటీఎం కార్డు, పాస్‌బుక్ తమ దగ్గర పెట్టుకుంటారు. ఇంకా చేతికి రాని ప్రభుత్వ పింఛనును ముందుగా రాసిచ్చే ఏ ఒప్పందమూ చెల్లదని పింఛన్ల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. 60వ సెక్షన్ కింద వచ్చే మినహాయింపులు వదులుకుంటున్నానని ఒప్పంద పత్రంలో రాయించుకున్నా అది చెల్లదు. కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవడం మీ హక్కు.

భయంలో చేసే ఇంకో పొరపాటు ఆస్తిని హడావిడిగా భార్య పేరు మీదికో, కూతురి పేరు మీదికో గిఫ్ట్ డీడ్ చేయడం. ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్లలోపు డబ్బు తీసుకోకుండా చేసిన బదిలీని రిసీవర్ రద్దు చేయించవచ్చు. మూడు నెలలలోపు మిగతావాళ్లను కాదని ఒక అప్పులవాడికి పక్షపాతంగా కట్టిన సొమ్మునూ వెనక్కి రప్పించవచ్చు. అసలు ఐపీ లేకపోయినా, అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదిలీని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద సవాలు చేస్తారు. ముందుచూపుతో చేసుకోదగ్గది వేరే ఉంది. పెళ్లైన మగవాడు 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరిట జీవిత బీమా తీసుకుంటే అది వాళ్ల కోసం పెట్టిన ట్రస్టు అవుతుంది, అతని అప్పులవాళ్లకు అందదు. అయితే అప్పులు లేని రోజుల్లోనే తీసుకోవాలి.

ఇంటి లోను సంగతి వేరు. తాకట్టు పెట్టిన ఇంటికి ఈ మినహాయింపులేవీ అడ్డురావు, ఐపీ పెట్టినా ఆ బ్యాంకు హక్కు దానికి ఉంటుంది. కంపెనీ అప్పుకు పూచీ ఇచ్చి ఎన్‌సీఎల్‌టీకి వెళ్లినవాళ్లకు మాత్రం కొత్త కోడ్ తాకట్టులో లేని పింఛను ప్లానును, జీవిత బీమాను, నిర్ణీత విలువలోపు ఒక ఇంటిని మినహాయించింది. పనిచేసే కంపెనీయే దివాళా తీస్తే ఉద్యోగుల పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ ఫండ్ల సొమ్మును లిక్విడేషన్‌లో పంచడానికి వీల్లేదు. జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగులకు ఆ బకాయిలు పూర్తిగా చెల్లించాలన్న ఉత్తర్వును 2023 జనవరిలో సుప్రీంకోర్టు నిలబెట్టింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడా సూత్రం ఇదే. ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతా 401కె దివాళాలో అప్పులవాళ్లకు అందదని అక్కడి సుప్రీంకోర్టు 1992లో తేల్చింది. సొంతంగా కట్టుకునే రిటైర్మెంట్ ఖాతా ఐఆర్ఏకు ఇచ్చే రక్షణకు పరిమితి ఉంది. అది మూడేళ్లకోసారి మారుతుంది, 2025 ఏప్రిల్ నుంచి 17,11,975 డాలర్లు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఐఆర్ఏకు మాత్రం ఫెడరల్ దివాళా చట్టం కింద ఆ రక్షణ లేదని 2014లో తీర్పు వచ్చింది. లేఆఫ్ అయి కార్డు బిల్లులు పెరిగినప్పుడు 401కె తీసి కట్టేయడం అక్కడ కూడా అదే నష్టం, పైగా తొందరగా తీసినందుకు మామూలుగా పన్ను, పెనాల్టీ అదనం.

చివరగా, కోర్టు కాగితం వస్తే తీసుకోకుండా తప్పించుకోవద్దు. మీరు హాజరుకాకపోతే మీ వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది, దాన్ని రద్దు చేయమని అడగడానికి ఉన్న గడువు 30 రోజులే. జైల్లో వేయిస్తామన్న బెదిరింపుకు లొంగి పీఎఫ్ క్లెయిమ్ ఫారం నింపొద్దు. కట్టే స్తోమత నిజంగా లేని మనిషిని డబ్బు డిక్రీ కోసం జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది, ఆడవాళ్లను డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయడానికే లేదు. చెల్లని చెక్కు కేసు ఉంటే అది వేరు, దానికి ఐపీ రక్షణ ఇవ్వదు, వెంటనే లాయర్‌ను కలవాలి. లాయర్ ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు అప్పుల జాబితా, నోటీసులు, పీఎఫ్ పాస్‌బుక్, పీపీఎఫ్ పుస్తకం, పింఛను ఉత్తర్వు, బీమా పాలసీలు తీసుకెళ్లండి. ఏది జప్తు అవుతుంది, ఏది కాదు అని రెండు వరుసలుగా రాసివ్వమని మొదటి రోజే అడగండి.